లావు అక్షరాలు

డాబాగార్డెన్స్‌లో మెట్ల కింద నా ఫ్లెక్సు కొట్టు.
తలుపు తీస్తే సిరా వాసన,
మూస్తే ఏసీ కారిన చుక్కల చప్పుడు.

నా కంప్యూటర్లో ఒక ఫాంటుంది,
దానికి మూలలంటూ లేవు.
సముద్రం చాన్నాళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరించి
ఉమ్మేసిన గులకరాయిలా
ప్రతి గీతా నున్నగా ఆగిపోతుంది.
తలకట్టు గీసినట్టుండదు,
జీడిపప్పు బద్ద అతికించినట్టుంటుంది.
సున్న అయితే మరీనూ,
చిల్లు పూడిపోవడానికి కొంచెమే మిగిలిన గారె.

ఇంత ఒళ్ళు చేశాక కష్టాలూ ఉంటాయి.
‘ఠ’ కడుపులో చుక్కకి ఊపిరాడదు.
‘ధ’ కింది గీత కొవ్వులో కలిసిపోయి
ధనలక్ష్మి ఫైనాన్సు వాళ్ళు బోర్డు మోసుకొచ్చి మరీ
‘దన’ ఏమిట్రా అని తగువేసుకున్నారు.
‘క్ష్మి’ వచ్చిందంటే
పూర్ణా మార్కెట్ దగ్గర ఆటోలోకి ఎనిమిదోవాడు ఎక్కినట్టే,
కింది వరసని కాస్త జరగమని బతిమాలాలి.
చిన్న సైజులో పెడితే అంతా బూందీ.
ఎక్కడ వాడకూడదో ఎవరూ చెప్పలేదు నాకు,
పాడైపోయిన బ్యానర్లు చెప్పాయి.

అడుగు ఎత్తు దాటనివ్వండి, అప్పుడు చూడాలి!
బీచి రోడ్డులో మురీ మిక్చరు బండి పేరు
పరిగెత్తే బస్సులోంచి చదివేయొచ్చు.
పెదవాల్తేరులో ప్లేస్కూలు గోడ మీద
చదవడం ఇంకా రాని పిల్లలు
‘అ’ పొట్టకి ఆనుకుని నిలబడతారు.
మొదటి పుట్టినరోజులు, ఐసు గోలాలు, పరుపుల సేలు,
ద్వారకానగర్లో ఒళ్ళు తగ్గించే క్లినిక్కు కూడా.
(ఆ డాక్టరుకి సన్నవే చూపించాను. ఇవే ముద్దొస్తున్నాయన్నాడు.)

ఒక్కదానికి మాత్రం వాడేవాణ్ణి కాదు.
దాని ఫైలు వేరు:
నల్లంచు, మూలన దీపం బొమ్మ,
గొంతు తగ్గించుకుని నిలబడ్డ పలచటి అక్షరాలు.

వేట నిషేధం ఎత్తేసిన వారానికి
చేపల రేవు నించి గరికిన దేశమ్మ వచ్చింది.
కొంగు ముడిలో తడిసిన నోటు,
ఆధార్ కార్డులోంచి తీయించిన ఫొటో.
ఎల్లాజీ. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు.
ఆదివారం పెద్దకర్మ.

అలవాటుగా ఆ ఫైలే తెరిచాను.
ఆవిడ తెర దగ్గరికి వంగి చూసింది.
“సదువు రాదు గానీ బాబూ,
ఈ అచ్చరాలేటి, ఉపాసాలున్నట్టున్నాయి?
మావోడిలాగుండీవోడు కాదు.
గుమ్మంలోకి పక్కకి తిరిగొచ్చీవోడు.
నవ్వితే ముందల పొట్ట నవ్వీది.”
గోడకి ఆరేసిన ఐసు గోలా బ్యానరుకేసి వేలు చూపించింది.
“అయి ఎయ్యి.”

వేశాను.
‘ఎ’ బాసింపట్టు వేసుక్కూచుంది.
‘ల’ కింద ‘ల’, దిమ్మ కింద భుజంలా.
‘జీ’ మీద గుడిదీర్ఘం
తలకి చుట్టుకున్న తువ్వాలు కొసలా పైకి లేచింది.
‘అశ్రునయనాలతో’ అనే మాట మాత్రం
ఈ ఫాంటులో ఎంత చేసినా ఏడవదు.
సైజు మార్చాను, రంగు మార్చాను,
చివరికి తీసేశాను. ఆవిడ అడగనేలేదు.

రంగేమిటంటే ఐసు రంగంది.
తెలుపు మీద తెలుపు కనబడదమ్మా అన్నాను.
“సలవ కనపడాల” అంది.
నీలంలో నాలుగు ఛాయలు మార్చాక
చేత్తో ఓసారి తెరని ముట్టుకుని
ఇదే అంది.

ఆరు బై నాలుగు.
మామూలు కన్నా సిరా ఎక్కువే తాగింది.

ఆదివారం పొద్దున్న షేరాటోలో
పాత పోస్టాఫీసు దాటి వెళ్తున్నాను.
రేవు వైపు రెండు కరెంటు స్తంభాల మధ్య
గాలికి బోర విరుచుకుని ఊగుతోంది ఫ్లెక్సు.
డ్రైవరు బ్రేకు మీద కాలేసి
కళ్ళు చికిలించకుండానే చదివాడు.
“ఓలమ్మో, ఎల్లాజీ పోయాడేటి?”
కాసేపు బండి ముందుకి పోనివ్వలేదు.
వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది.
“సూడండి,
ఇక్కణ్ణించే కనపడతన్నాడు.”